మిగతా సగం

రెండూ పది. ఇంకా యాభై నిమిషాలు. మూడింటికి డ్యూటీ దిగి, మూడుంబావుకల్లా తన్మయి బడి గేటు దగ్గర నిలబడాలి. కానీ ఇవాళ మంగతాయారు ఆంటీకి మెసేజ్ పెట్టింది, మీ మనవడితో పాటు మా పిల్లని కూడా తీసుకెళ్ళండి ఆంటీ, కాస్త ఆలస్యమవుతుంది అని. ఆవిడ వెంటనే బొటనవేలు బొమ్మ పంపింది, కాబట్టి ఆ బెంగ లేదు. ఉన్న బెంగంతా ఈ మంచం మీదే ఉంది. ఉదయశ్రీ కుర్చీని ఇంకాస్త దగ్గరగా జరుపుకుంది. కుర్చీ కాళ్ళు కిర్రుమన్నాయి, బ్రైడీ ఆంటీ కదల్లేదు. నోరు తెరుచుకుని ఉంది, కళ్ళు సగం మూసి ఉన్నాయి, ఊపిరి వస్తోంది, ఆగుతోంది, మళ్ళీ వస్తోంది, ఆ ఆగడం పొద్దుటికన్నా ఎక్కువసేపు ఉంటోంది. ఇవాళో రేపో డార్లింగ్, అంది గ్రేస్ పొద్దున్నే మందుల బండి తోసుకుంటూ. ఉదయశ్రీ కేర్ వర్కర్‌గా పనిచేసే ఈ వృద్ధాశ్రమంలో గ్రేస్ నర్సు, జింబాబ్వే మనిషి, ఎవరినైనా డార్లింగ్ అనే అంటుంది. బ్రైడీ ఆంటీ కొడుకు మైకేల్ సిడ్నీలో విమానం ఎక్కాడట, ఆరింటికి గానీ పెర్త్‌లో దిగడు. అందాకా పక్కన ఎవరో ఒకరు ఉండాలి కదా, నేనుంటాను అంది ఉదయశ్రీ, ఎవరూ పోటీకి రాలేదు. మొదలుపెట్టండి ఆంటీ. ఒక్కసారి, ఒకే ఒక్కసారి మీ సగం మీరు అనండి. మిగతా సగం నా దగ్గర ఉంది, నేర్చుకున్నాను, ఒక్క అక్షరం తప్పకుండా చెప్తాను, ఒట్టు.

కిటికీ అవతల ఫిబ్రవరి ఎండ కార్ల పైకప్పుల మీద మండుతోంది, సముద్రపు గాలి ఇంకా తిరగలేదు, మూడు దాటితే గానీ తిరగదు. ఇంత ఎండలోనూ ఆంటీ చేతులు చల్లగానే ఉన్నాయి. చల్లదనానికి వాళ్ళ భాషలో మాట వచ్చు తనకి, ఫూర్. వేడికి కూడా వచ్చు. మాటలు వచ్చు గానీ ఏం లాభం, మాటకీ మాటకీ మధ్య ఉండేదేదీ రాదు. పది నెలల కిందట ఈవిడకి ఇంగ్లిష్ పోయింది. ఒక్కరోజులో పోలేదు, ముందు స్పూన్ పోయింది, తర్వాత కిటికీ పోయింది, తర్వాత ఎవరి పేరు ఏదో పోయింది, ఆఖరికి పొద్దుటిపూట గుడ్ మార్నింగ్ కూడా పోయి, ఆ ఖాళీలోకి ఇంకేదో భాష వచ్చి దర్జాగా కూర్చుంది. ఆ మాటలకి ఇక్కడివాళ్ళు పెట్టిన పేరు అర్థం లేని శబ్దాలు, కేర్ ప్లాన్‌లో అలాగే రాశారు. ఉదయశ్రీకి మాత్రం మొదటిరోజే అనుమానం. అర్థం లేని శబ్దం ఇలా ఉండదు, ఇందులో బతిమాలడం ఉంది, దబాయించడం ఉంది, ఎవరినో పేరు పెట్టి తిట్టిపోయడం ఉంది, చీరాల్లో మేనత్త కుళాయి దగ్గర తిట్టినట్టే ఉంది. మైకేల్‌కి ఫోన్ చేసింది. అతను అన్నాడు, అది ఐరిష్ అయ్యుంటుంది, అమ్మ పుట్టిన దీవిలో అందరూ అదే మాట్లాడేవారట, ఇంట్లో మాతో ఒక్క ముక్క మాట్లాడలేదు, ఈ దేశంలో అది దేనికి పనికొస్తుందిరా అనేది. ఐరిష్ అంటే ఆ యాసలో ఇంగ్లిషే కదా అనుకుంది ఉదయశ్రీ అప్పటిదాకా. దుబాసీల ఫోన్‌లైన్‌కి చేస్తే అక్కడి అమ్మాయి కూడా అదే అనుకుంది. తెలుగుకి ఇద్దరున్నారు, పంజాబీకి ఆరుగురున్నారు, ఐరిష్‌కి ఎవరూ లేరు, సారీ అంది.

అలా మొదలైంది ఈ పిచ్చి. ఫోన్‌లో ఒక ఉచిత యాప్, డ్యూటీకి ముందు పావుగంట కారు పార్కింగ్‌లో, సాయంత్రం ఇంటి దారిలో హారిస్‌డేల్ సిగ్నళ్ళ దగ్గర. ఆ యాప్‌లో ఒక తాబేలు ఉంది. తాబేలు గొడుగు కొన్నది. తాబేలు పెద్దమ్మ ఇంట్లో సబ్బు తిన్నది. నొప్పి ఎక్కడ, దాహమేస్తోందా, చలిగా ఉందా అనే ముక్కలు కావాలంటే ఈ తాబేలుతో నలభై పాఠాలు కాపురం చెయ్యాలి. మొగుడు భార్గవ్‌కి అంతా వేళాకోళమే. "ఇంట్లో పిల్లని అన్నం తిన్నావా అంటే ఐ యామ్ ఫుల్ అంటది, ముందు దానికి తెలుగు నేర్పవే తల్లీ, ఈ ఐరిష్ నేర్చుకుని ఎవరితో మాట్లాడతావ్?" అన్నాడు. ఒకరితో, అంది. "ఆ ఒకరికి తొంభై ఒకటి ఉదయా," అన్నాడు, అని తనే నాలిక్కరుచుకుని బస్సు డ్యూటీకి తయారవడానికి వెళ్ళిపోయాడు. అతను అన్నదాంట్లో తప్పేముంది. పుస్తకంలో భాష నేర్చుకోవడం వేరు, దాన్ని అనడానికి ఎదుట మనిషి ఉండడం వేరు, ఆ ఎదుటి మనిషి ఊపిరి ఇప్పుడు లెక్కపెట్టుకునే స్థితిలో ఉంది. వచ్చింది. ఆగింది. ఒకటి రెండు మూడు నాలుగు ఐదు ఆరు. వచ్చింది.

ఇష్కె. నీళ్ళు. తను మొట్టమొదట పలికిన మాట అదే. గ్లాసు పట్టుకుని, సిగ్గుపడుతూ, తలుపు వైపు ఒకసారి చూసుకుని, ఇష్కె, బ్రైడీ ఆంటీ, అంది. పేరు పెట్టి పిలవాలని ఇక్కడి రూలు, ఆంటీ అనకూడదు, కానీ తన నోటికి ఆ రూలు ఎక్కలేదు. ముసలావిడ తల తిప్పింది. అంతవరకు గోడకేసి చూసే మనిషి తిన్నగా మొహంలోకి చూసి, మణికట్టు పట్టుకుని, ఇక అందుకుంది. ఎక్కడా ఆపకుండా, నవ్వుతూ, మధ్యలో ఏడుస్తూ, చేత్తో ఏవేవో ఎత్తులు చూపిస్తూ, పావుగంట. అందులో ఉదయశ్రీకి అర్థమైనవి రెండే మాటలు, ఒకటి అమ్మ, ఇంకోటి పడవ. తనొక మాట ఇస్తే ఆవిడ వెయ్యి మాటలు ఇచ్చింది, ఆ వెయ్యీ నేల మీద పడిపోయాయి. ఆ రోజు కార్లో కూర్చుని స్టీరింగ్ మీద తల పెట్టుకుని ఏడ్చింది. నాకు ఐరిష్ వచ్చని నమ్మించి మోసం చేశాను అనుకుంది. మర్నాడు నేను తెలియనట్టు ఊరుకుంటే పోతుంది అనుకుంది. ఊరుకోలేకపోయింది, ఆవిడ తలుపు కేసి చూస్తూ ఎదురుచూస్తోంది మరి.

స్పాంజి తడిపి పెదాల మీద అద్దింది. ఇష్కె, ఆంటీ. ఇప్పుడు ఎవరూ మణికట్టు పట్టుకోలేదు. పెర్త్ నిండా ఐరిష్ కుర్రాళ్ళే, గనుల్లో, కరెంటు పనుల్లో, ఎటు చూసినా వాళ్ళే. ఏసీ బాగుచెయ్యడానికి వచ్చినతన్ని పట్టుకుంది ఒకసారి, ఎర్ర గడ్డం, మెడంతా ఎండకి కమిలిపోయింది. నీకు ఐరిష్ వచ్చా బాబూ, ఒక్కసారి లోపలికి రా, ఈవిడ ఏమంటోందో చెప్పు అంది. బళ్ళో పధ్నాలుగేళ్ళు చదివానండీ, అన్నాడు పాపం, నాకు గుర్తున్నదల్లా టీచర్ గారూ నేను బాత్‌రూమ్‌కి వెళ్ళవచ్చా అని అడగడం ఒక్కటే. అయినా గదిలోకి వచ్చాడు, టోపీ తీశాడు, ఆ ఒక్క వాక్యమే అన్నాడు. బ్రైడీ ఆంటీ గంభీరంగా విని, వెళ్ళు నాన్నా అన్నట్టు తలుపు వైపు చెయ్యి చూపించింది. అతను బయటికి వచ్చి నిచ్చెన ఎక్కి చాలాసేపు పని చెయ్యకుండా నిలబడ్డాడు. మా నాయనమ్మకి వచ్చేది, అన్నాడు దిగి వెళ్ళేటప్పుడు.

నాలుగింటి సంగతికి వచ్చేసరికి మనసు పక్కకి తప్పుకుంటోంది. తప్పుకోనివ్వకూడదు. రోజూ నాలుగింటికి, మధ్యాహ్నం షిఫ్టు పడినప్పుడల్లా చూసేది, బ్రైడీ ఆంటీ లేచి కూర్చుని, దుప్పటి అంచు వేళ్ళ మధ్య ఒక మడత వేసి, గొంతు మార్చి అందుకునేది. షే దు వాహా, అ విర్రె. మాటలా కాదు, పాటలా కాదు, రెంటికీ మధ్య, అలవాటైన దారిలో నడిచినట్టు గబగబా వెళ్ళి, ఒకచోట ఠక్కున ఆగేది. ఆగి ఎదురు చూసేది. ఎవరూ ఏమీ అనకపోతే మడత విప్పేసి, మళ్ళీ అదే మడత వేసి, మళ్ళీ మొదటినుంచి. ఒకటే ముక్క, ముప్పైసార్లు, నలభైసార్లు. చేతులకి పని కావాలేమో అని గుండీలూ జిప్పులూ కుట్టిన ఏప్రన్ తెచ్చి ఒళ్ళో పెట్టారు, విసిరికొట్టింది. అప్పుడు ఉదయశ్రీకి ఒక గొప్ప ఆలోచన వచ్చింది. దేవుడా, ఎంత గొప్ప ఆలోచన. నాన్న పాండురంగ చీరాల రామమందిరంలో శనివారం భజన నడిపేవాడు, చేతిలో చిడతలు, పక్కన హార్మోనియం. ముందాయన ఒక చరణం అంటే వెనక అందరూ అదే చరణం అనాలి, పిల్లలైనా సరే. "అందుకోవాలమ్మడూ," అనేవాడు, "అందుకోకపోతే ముందు పాడేవోడు ఒంటరైపోతాడు." ఇదీ భజనే, ఈవిడ అందుకునే వాళ్ళ కోసం చూస్తోంది, ఇంత చిన్న సంగతి ఈ ఇంగ్లిషువాళ్ళకి ఎలా తెలుస్తుంది, నాకు తెలుసు. ఆవిడ షే దు వాహా అని మొదలుపెట్టి ఆగగానే, తనూ చేతులు జోడించి, అదే ముక్క, అదే రాగంతో, అక్షరం పొల్లుపోకుండా తిరిగి అంది.

బ్రైడీ ఆంటీ తల అడ్డంగా ఊపింది. మళ్ళీ అంది, గట్టిగా. ఉదయశ్రీ ఇంకా శ్రద్ధగా తిరిగి అంది. ఆవిడ చేతి మీద చెళ్ళున కొట్టింది. కళ్ళలో నీళ్ళు, బుగ్గలు ఎర్రబడి, మడత వేసి విప్పి వేసి విప్పి, అదే ముక్క అరిచినట్టుగా. ఆ పరిస్థితిలో చెయ్యాల్సింది ట్యాబ్లెట్‌లో ఒక గడి, ఉద్రేకం, ఒకే మాట పదే పదే, టిక్కు పెట్టాలి. పెట్టింది. టిక్కు పెట్టిన చెయ్యి తనదే. గ్రేస్ చూసి నిద్రమాత్ర ఇచ్చింది, ఇవ్వమనే డాక్టరు రాశాడు, ఎవరిదీ తప్పు కాదు. ఆవిడ మాటలు ముద్దగా మారి, మడత చేతిలోనే ఉండగా నిద్రపోయేది. ఒకరోజు కాదు. ఆరు వారాలు. ఆరు వారాలు తను భజన అందుకుంది, ఆరు వారాలు ఆవిడ తన్నుకుంది, ఆరు వారాలు టిక్కు. నేను పలకడం సరిగ్గా లేదేమో అనుకుని ఇంటికెళ్ళి ఇంకా బాగా పలకడం సాధన చేసేది, వంటింట్లో, పోపు వేస్తూ. "అమ్మా, యూ సౌండ్ లైక్ అ రికార్డింగ్," అంది తన్మయి. నిజమే, రికార్డింగే, ఆవిడ గొంతు తన గొంతులో అలాగే దిగిపోయింది, ఎక్కడ ఊపిరి పీలుస్తుందో, ఎక్కడ చిన్నగా దగ్గుతుందో, అన్నీ.

పోయిన ఆదివారం చర్చి నుంచి ఫాదర్ వచ్చాడు, జబ్బుపడ్డవాళ్ళకి ప్రార్థన చదివి నుదుటి మీద నూనె రాయడానికి. కేరళ మనిషి, కుర్రాడే, ఉదయశ్రీని చూసి ఆంధ్రానా సిస్టర్ అని నవ్వాడు. ఆయన తన ప్రార్థన ఇంగ్లిష్‌లో చదువుకుంటూ ఉండగా బ్రైడీ ఆంటీ మధ్యలో తనది మొదలుపెట్టింది, ఆగింది, ఉదయశ్రీ అలవాటుగా అదే ముక్క తిరిగి అంది, ఆంటీ చెయ్యి విసిరింది. ఫాదర్ పుస్తకం దించి ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. ఆ వేళ్ళకేసి, ఆ మడత కేసి చూశాడు. ఈమె జపమాల ఏమైంది సిస్టర్ అని అడిగాడు. మింగేస్తుందేమోనని ఎప్పుడో తీసి సొరుగులో పెట్టేశారు. ఆయన మెల్లిగా చెప్పాడు, అది మరియమ్మ జపం సిస్టర్, మా ఊళ్ళోనూ ఇంతే, ముందు చెప్పేవాళ్ళు సగం చెప్తారు, మిగతా సగం ఎదుటివాళ్ళు చెప్పాలి, వాళ్ళు చెప్తే గానీ ఒక పూస జరగదు. ఆ మొదటి సగం పలకరింపు, రెండో సగం వేడుకోలు, పాపులం మేము, ఇప్పుడూ మా చావువేళా మా కోసం అడుగమ్మా అని. ఆయనకి రెండో సగం మలయాళంలో వచ్చు, ఇంగ్లిష్‌లో వచ్చు. ఇంగ్లిష్‌లో చెప్పి చూశాడు. ఆవిడ మొహం తిప్పుకుంది. ఉదయశ్రీ ఆ మడతనే చూస్తూ లెక్క వేసుకుంది. మొదటి పూస దగ్గరే పది నెలలు. ఈ మనిషి పది నెలలుగా ఒకటో పూస మీదే నిలబడి ఉంది, దాటించేవాళ్ళు లేక. తను దాటించకపోగా, వెనక్కి నెట్టింది.

సోమవారం ఆ రెండో సగం ఇంటర్నెట్‌లో దొరికింది, ఎవరో ముసలాయన ఎవరి కోసమో చదివి పెట్టాడు. అ నీవ్ విర్రె. ఆపి, వెనక్కి తిప్పి, ఆపి, వెనక్కి తిప్పి. యాప్‌లో తాబేలు ఇన్నాళ్ళూ నేర్పినదేదీ ఇందులో లేదు. సోమ, మంగళ, అంట్లు తోముతూ, బట్టలారేస్తూ, సిగ్నల్ దగ్గర వెనకవాడు హారన్ కొట్టేదాకా. బుధవారం తనకి సెలవు. బుధవారం మధ్యాహ్నానికి వచ్చేసింది, పూర్తిగా, తడబడకుండా, మూడుసార్లు వరసగా. ఇక్కడే ఆగాలి. ఇక్కడే. పన్నెండున్నరకి వచ్చేసింది. ఇంటి నుంచి ఇక్కడికి ఇరవై నిమిషాలు. కారు తాళాలు ఫ్రిజ్ మీదే ఉన్నాయి. వెళ్దామా అనుకుంది, అనుకోలేదని ఎలా అంటుంది, అనుకుంది, చెప్పుల్లో కాళ్ళు కూడా పెట్టింది, తర్వాత రేపు డ్యూటీ ఉందిగా అనుకుంది, ఇండియన్ స్టోర్‌లో కరివేపాకు వచ్చిందని మెసేజ్ వస్తే అటు వెళ్ళింది. గురువారం పొద్దున వచ్చేసరికి బ్రైడీ ఆంటీకి మాట లేదు. నిన్న మధ్యాహ్నం చాలాసేపు అందుకుంది పాపం, అంది గ్రేస్, ఆగకుండా, చీకటి పడేదాకా, ఎంత ఓపికో డార్లింగ్, రాత్రి మాత్రం గొంతు ఆగిపోయింది. కరివేపాకు ఇంకా ఫ్రిజ్‌లోనే ఉంది, కవరు విప్పలేదు.

రెండూ నలభై. ఊపిరి వచ్చింది, ఆగింది, ఎనిమిది దాకా లెక్కపెట్టింది. నాక్కూడా ఇలాగే అవుతుందా. ఒకనాడు స్పూన్ పోయి, కిటికీ పోయి, డ్యూటీలూ బిల్లులూ అన్నీ పోయి, చీరాల్లో మేనత్త తిట్లు మిగులుతాయా, నాన్న భజన మిగులుతుందా. అప్పుడు తన్మయి పక్కన కూర్చుని ఫోన్‌లో ఎవరికో చెబుతుందా, ఇట్ మస్ట్ బీ ద తెలుగు, అని. నేను ఒక చరణం అంటాను, ఆగుతాను. ఎవరో మంచి అమ్మాయి, ఏ దేశం పిల్లో, జాలిపడి ఏదో అంటుంది. భయమేసింది ఉదయశ్రీకి, ఆ భయం మళ్ళీ తన గురించే అయినందుకు సిగ్గు కూడా వేసింది.

రెండో సగం అనేసింది. పైకి, స్పష్టంగా, ముసలాయన చదివినట్టే, అ నీవ్ విర్రె దగ్గర్నుంచి చివరిదాకా. గదిలో అది వచ్చి ఊరికే పడింది. ఎవరూ అడగని దానికి జవాబు. ఆంటీ మొహంలో ఏమీ లేదు. రెండు సగాలూ తనే అంటే? అని చూసింది, ఒక్కతే క్యారమ్స్ ఆడుకున్నట్టు ఉంది, ఇటు కూర్చుని కొట్టి, లేచి అటు వెళ్ళి కొట్టడం. అది కాదు. ఆవిడకి కావలసింది అది కాదు. మరి ఏం చెయ్యను ఆంటీ, నాకు తాబేలు వచ్చు, గొడుగు వచ్చు, నీళ్ళొచ్చు, చలొచ్చు, ఈ ఒక్కటీ వచ్చేసరికి మీరు ఊరుకున్నారు. దుప్పటి అంచు తన వేళ్ళ మధ్యకి ఎప్పుడు వచ్చిందో తెలియదు. ఒక మడత వేసింది. షే దు వాహా, అ విర్రె, అని మొదలుపెట్టింది. ఆవిడ గొంతులోనే వచ్చింది, ఆ ఊపిరి పీల్చేచోట పీలుస్తూ, ఆ చిన్న దగ్గు దగ్గర ఆగుతూ. అలవాటైన దారిలో గబగబా వెళ్ళి, ఆవిడ ఆగేచోట ఆగింది. ఆంటీ మొహంలోకి చూస్తూ కూర్చుంది. రెండో సగం నాలుక మీదే ఉంది, అనలేదు, అది ఇప్పుడు ఆవిడది. గొంతు అక్కర్లేదు, పెదవి కదిపినా చాలు, వేలు కదిపినా జవాబనే అనుకుంటాను. ఎదురు చూసింది. ఊపిరి వచ్చింది, ఆగింది. ఏమీ లేదు. మడత విప్పేసింది. మళ్ళీ అదే మడత వేసి, మళ్ళీ మొదటినుంచి అంది, ఆగింది. ఏమీ లేదు. ఇలా ఉంటుందా ఇది. ఇంత పొడుగ్గా ఉంటుందా ఆ ఆగినచోట. ఇక్కడ కూర్చుని, రోజూ, నలభైసార్లు.

ఎన్నోసారో తెలియదు. తలుపు దగ్గర గ్రేస్ నిలబడి ఉంది, ఎప్పుడొచ్చిందో. "త్రీ ఓ క్లాక్, డార్లింగ్. నువ్వు ఇంటికెళ్ళు, నేను కూర్చుంటాను," అంది. ఉదయశ్రీ తల అడ్డంగా ఊపి, మళ్ళీ మొదలుపెట్టి, ఆగింది. కిటికీ తెర కొంచెం కదిలింది, సముద్రపు గాలి తిరిగినట్టుంది. గ్రేస్ లోపలికి వచ్చింది, మంచానికి అవతలి వైపు నిలబడింది, చేతులు జోడించింది. ఆవిడకి ఏమీ తెలియదు, కానీ మనసున్న మనిషి, ఎదుటివాళ్ళు ఒంటరిగా అంటుంటే ఊరుకోలేదు. వచ్చీరాని పలుకుతో, ఎంతో శ్రద్ధగా, విన్న ముక్కనే తిరిగి అంది.

"షే దు వాహా," అంది గ్రేస్.

ఉదయశ్రీ చెయ్యి పైకి లేచింది. ఆ జోడించిన చేతుల మీద చెళ్ళున ఒకటి వెయ్యాలనిపించింది. చెయ్యి దించి దుప్పటి అంచు వెతుక్కుంది. మడత విప్పేసి, మళ్ళీ అదే మడత వేసి, మొదటినుంచి మొదలుపెట్టింది.